టిబ్బెట్ గారి జేబు కాటా

ఆగస్టస్ టిబ్బెట్ గారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. కంటికి కనిపించిన ప్రతి వస్తువునీ తూచాలి. ఊళ్ళో పెద్దమనుషులందరూ కోటు లోపల గొలుసుకి గడియారం వేలాడదీసుకుంటే, ఆయన అదే గొలుసుకి చిన్న స్ప్రింగు కాటా వేలాడదీసుకునేవారు. టైమెంతయిందని అడిగితే బిక్కమొహం వేసేవారు గానీ, మీ గొడుగు ఎంత తూగుతుందో మాత్రం ఠక్కున చెప్పేవారు. అడక్కపోయినా చెప్పేవారు.

టీ దుకాణంలో బన్ను తెచ్చిపెడితే, ముందు కొక్కేనికి గుచ్చి తూచాకే నోట్లో పెట్టుకునేవారు. "ఇది నిన్నటిదాని కంటే తేలిగ్గా ఉందమ్మా. పిండి తగ్గించారా, గాలి పెంచారా?" అని అడిగితే దుకాణం ఆవిడ చీపురు వెతుక్కునేది. ఓ ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరు గారి టోపీ లాక్కుని కాటాకి తగిలించారు. "దీని అంచు కాస్త కత్తిరించుకోండి సార్, మీ మెడనొప్పి పోతుంది" అన్నారు. పాస్టరు గారికి నిజంగానే మెడనొప్పి ఉండబట్టి గొడవ జరగలేదు.

వయసులో ఉన్నప్పుడు ఆయనకి పెళ్ళి కూడా కుదిరిందట. వేలికి ఉంగరం తొడగబోతూ, అలవాటు కొద్దీ ముందు దాన్ని తూచారు. అమ్మాయి లేచి వెళ్ళిపోయింది. "మంచి బరువైన ఉంగరమేనండీ. కాటా వంక ఒక్కసారి చూసి ఉంటే ఆవిడకే తెలిసేది" అని ఇప్పటికీ అమాయకంగా చెబుతారు.

ఒంటి మీద ఉన్నవాటిని కూడా వదల్లేదాయన. కళ్ళజోడుకి ఒక కాడే ఉండేది, రెండోది దండగని పీకేశారు. పళ్ళు తోముకునే బ్రష్షు పిడి సగానికి కోసేశారు. చొక్కాకి ఒక బొత్తాం ఉంటే తరవాతది ఉండేది కాదు. ఇన్ని చేసినా మనిషి మాత్రం నిండు గుమ్మడికాయలా ఉండేవారు. "మరి మీ సంగతేమిటి సార్?" అని ఎవరైనా కొంటెగా అడిగితే, "నేనేమన్నా ఎగురుతానా?" అని బన్ను అందుకునేవారు.

ఎగిరేది వేరే ఉంది. మెడ్వే నది ఒడ్డున క్రాన్లీ గారి కార్ఖానాలో మొన్నమొన్నటి దాకా పియానోలు చేసేవాళ్ళు. యుద్ధం వచ్చాక పియానోలు కొనే నాథుడు లేకుండా పోయాడు. దాంతో క్రాన్లీ గారు విమానం చేద్దామని పూనుకున్నారు. పియానో పెట్టెలు చెక్కిన వడ్రంగులు రెక్కలకి పక్కటెముకలు చెక్కారు. పియానోలో బిగించాల్సిన ఉక్కు తీగని పై రెక్కకీ కింది రెక్కకీ మధ్య అడ్డంగా, ఐమూలగా బిగించారు. రెండంతస్తుల రెక్కలు, ముందు ఒక ఇంజను, మధ్యలో ఒక మనిషి, వాడి ముందు ఒక తుపాకీ. పనివాళ్ళు దానికి లకుముకి పిట్ట అని పేరు పెట్టుకున్నారు. ఇది మొట్టమొదటిది. సర్కారు వారికి నచ్చిందా, ఇలాంటివి ఇంకా చెయ్యమంటారు. నచ్చలేదా, కార్ఖానాకి తాళమే.

ఆ పిట్టకి నమూనా గీసింది టిబ్బెట్ గారు. దానికి చర్మం కుట్టేది హెస్టర్. రెక్కల మీద నారగుడ్డ బిగించి కుట్టే ఆడవాళ్ళందరికీ ఆమె పెద్ద. భర్త పోయిన మనిషి, చేతిలో పెద్ద కత్తెర, నోట్లో అంతకన్నా పదునైన మాట. కార్ఖానాలో అందరూ ఆమెని అక్కా అనే పిలిచేవారు. క్రాన్లీ గారు కూడా కుట్టు గదిలోకి అడుగుపెట్టే ముందు గొంతు సవరించుకునేవారు.

టిబ్బెట్ గారు మాత్రం సవరించుకోకుండా వచ్చేవారు. ఒకరోజు నేల మీద కూర్చుని, రెక్క అడుగున వేలాడుతున్న దారం కొసలన్నీ గిల్లి గిల్లి గుప్పిట్లో పోగేశారు. వాటిని కాగితంలో పొట్లం కట్టి కాటాకి తగిలించారు.

"చూశారా హెస్టరమ్మా! ఇంత బరువు ఊరికే గాల్లోకి మోసుకుపోదామనుకున్నారు."

హెస్టర్ ఒంటికాలి మీద లేచింది. "కుట్లు తగ్గించమనడానికే వచ్చారు కదూ? ఒక్క కుట్టు తగ్గించినా గాలికి గుడ్డ లేచిపోతుంది. నా ప్రాణం పోయినా తగ్గించను."

"కుట్లా? అయ్యో, కుట్ల జోలికి ఎవరొచ్చారు? కుట్లు ఇంకా వేసుకోండి. ఈ కొసలు మాత్రం కత్తిరించండి."

ఆయన వెళ్ళాక నెల్ అనే వాగుడుకాయ, "అక్కా, ఈయన్ని పెళ్ళాడాల్సిన ఆవిడ ఎంత అదృష్టవంతురాలో చూడు" అంది. గదిలో నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. హెస్టర్ కూడా నవ్వింది. అప్పటికింకా ఆమెకి నవ్వే తీరిక ఉంది.

ఆ తీరిక పోయింది ఎప్పుడంటే, లకుముకిని మొదటిసారి ఎగరేసేది జాస్పర్ అని తేలిన రోజున. జాస్పర్ ఆమె తమ్ముడు. అమ్మ పోయినప్పుడు వాడింకా పాకుతున్నాడు. అన్నం తినిపించింది, నడక నేర్పింది, జలుబు చేస్తే రాత్రుళ్ళు మేలుకుంది అన్నీ హెస్టరే. ఆమెకి ఈ లోకంలో తనవాడంటూ ఉన్నది వాడొక్కడే. వాడికి లోకంలో ఉన్నవి రెండు: విమానాలు, మీసం. గోధుమరంగులో, రెండు పక్కలా మైనం రాసి మెలితిప్పిన ఆ మీసం గురించి ఊళ్ళో పాట కట్టడం ఒక్కటే తక్కువ.

టిబ్బెట్ గారు ఆ మీసం చుట్టూ ఈగలా తిరగడం మొదలుపెట్టారు.

"జాస్పర్ బాబూ, అది ఎంత తూగుతుందంటావు?"

"దీన్ని తూచాలంటే నా తల కూడా తగిలించాలి సార్."

"మైనం ఏ రకం? తేలికపాటిదేనా?"

"మీసం జోలికొస్తే నేను ఎక్కను. మీరే ఎక్కండి."

"నేనెక్కితే అది లేవదు నాయనా" అని ఆయన నిట్టూర్చి, వాడి బూట్ల వంక చూశారు. సాయంత్రానికల్లా జాస్పర్ బూట్ల మడమల్లో మేకులు మాయమయ్యాయి.

అక్కడితో ఆగలేదు. టిబ్బెట్ గారు బరమా పట్టుకుని విమానమంతా తిరిగారు. కాలితో తొక్కే పలకకి కన్నాలు. చేత్తో పట్టుకునే పిడికి కన్నాలు. కూర్చునే పీటకైతే ఎన్ని కన్నాలో, నెల్ అందులో పిండి జల్లించవచ్చంది. దిండు తీసేసి, దాని బదులు నారగుడ్డ ఒక పొర పరిచారు. పైన రెండోసారి పూయాల్సిన రంగు మానిపించారు. బోల్టు బిగించాక బయటికి పొడుచుకొచ్చిన ముక్కనల్లా రంపంతో కోయించారు.

ఆ పీట చూసి హెస్టర్ చేతిలో కత్తెర పక్కన పడేసింది. తిన్నగా నమూనాల గదికి వెళ్ళింది.

"టిబ్బెట్ గారూ, నా తమ్ముణ్ణి జల్లెడలో కూర్చోబెట్టి ఆకాశంలోకి పంపుతారా?"

"అది గట్టిదేనమ్మా. నేను దాని మీద కూర్చుని చూశాను. నన్ను మోసిందంటే ఏనుగునైనా మోస్తుంది."

"ఇవాళ పీట కోశారు. రేపు రెక్క కోస్తారు. ఎల్లుండి నా తమ్ముణ్ణి నేల మీద ఏరుకోమంటారా? మీ తూకం పిచ్చికి వాడే దొరికాడా?"

టిబ్బెట్ గారు నోరు తెరిచారు. ఏదో చెప్పబోయారు. ఒంటికాడ కళ్ళజోడు ముక్కు మీంచి జారితే ఎత్తి పెట్టుకున్నారు. చివరికి, "బరువు తగ్గాలి హెస్టరమ్మా" అన్నారు, అంతే.

"మీ గుండెల్లో ఉన్నది కూడా తీసి తూచి పారేశారు కాబోలు" అని ఆమె తలుపు ధడాలున వేసి వచ్చేసింది. ఆ రోజు నుంచి ఆయన కుట్టు గదిలోకి వస్తే హెస్టర్ మాట్లాడేది కాదు. ఆయన ఏదైనా అడిగితే నెల్‌తో చెప్పించేది. పక్కనే నిలబడి, "అయ్యగారికి చెప్పవే, రేపటికి అవుతుందని" అనేది. ఆయన కూడా, "అమ్మగారికి చెప్పు, మంచిదని" అనేవారు. మధ్యలో నెల్‌కి పని సాగక ప్రాణం విసిగిపోయేది.

ఇంతలో క్రాన్లీ గారు ఒక ఇత్తడి పలక చేయించి తెచ్చారు. 'క్రాన్లీ అండ్ సన్స్' అని పొంగు అక్షరాలు, చుట్టూ తీగలూ పువ్వులూ. ఎన్నో ఏళ్ళుగా ప్రతి పియానో మీదా అలాంటిది ఉంటుంది. విమానం ముక్కు మీద కూడా ఉండాల్సిందేనన్నారు. టిబ్బెట్ గారు దాన్ని కాటాకి తగిలించేసరికి ముల్లు చివరి దాకా పోయి కొట్టుకుంది. ఆయన మొహం పాలిపోయింది.

"సార్, ఇది పెడితే మీ పేరు సముద్రం అడుగున ఉంటుంది."

"మా తాతగారి కాలం నుంచి వస్తున్న పలకయ్యా!"

"మీ తాతగారు ఎగిరారా సార్?"

రెండ్రోజులు వాదించుకున్నారు. మూడో రోజు క్రాన్లీ గారు వచ్చి చూసి, పలక బిగించి ఉండడంతో సంతోషించి, జేబురుమాలుతో తుడవబోయారు. పలక రుమాలుకి అంటుకుంది. టిబ్బెట్ గారు రాత్రికి రాత్రి బంగారు రంగుతో బొమ్మ వేయించారు, అదింకా ఆరలేదు. క్రాన్లీ గారు ఆ రుమాలు పట్టుకుని అరిచిన అరుపులు నది అవతలికి వినిపించాయని చెప్పుకుంటారు. ఆయన చల్లబడ్డాక, బొమ్మ బాగానే ఉందని ఒప్పుకున్నారు.

ఇలా పిసరు పిసరు గీకే మనిషి, ఒకరోజు హెస్టర్‌కి అర్థం కాని పని చెప్పారు. రెక్కల మధ్య బరువంతా ఆపే ముఖ్యమైన తీగలు కొన్ని ఉంటాయి. వాటికి సన్నటి గుడ్డ తొడుగులు కుట్టమన్నారు.

"అయ్యగారిని అడగవే నెల్, తీగలకి చొక్కాలెందుకని?"

"అమ్మగారికి చెప్పు నెల్, గాలిని కోసుకుపోయేలా ఉండాలని. తీగ వెనక సన్నటి చెక్క ముక్క పెట్టి, పైన గుడ్డ చుడితే గాలి అడ్డం తగలదని."

"పీట మీద దిండు బరువై పోయింది గానీ తీగలకి చొక్కా బరువు కాలేదా అని అడగవే."

టిబ్బెట్ గారు నేల చూపులు చూశారు. "కొంచెం వెడల్పుగా కుట్టమని చెప్పు" అని వెళ్ళిపోయారు. హెస్టర్ పళ్ళు కొరుక్కుంటూ కుట్టింది. తొడుగులు తీసుకుని ఆయనా, తీగలు బిగించే ముసలాయనా తలుపు వేసుకుని పని చేశారు. ఆ మర్నాడు ఇంకో వింత జరిగింది. జాస్పర్‌ని టిబ్బెట్ గారు నది ఒడ్డుకి తీసుకెళ్ళి ఏదో మాట్లాడారు. తిరిగొచ్చేసరికి వాడి పై పెదవి మీద మీసం లేదు.

హెస్టర్ కళ్ళు తేలేసింది. "ఏమయిందిరా? ఎవరు గీశారు?"

"నేనే గీసుకున్నానక్కా."

"ఎందుకు?"

"తేలిగ్గా ఉంటుందని" అన్నాడు వాడు, చూపు తప్పించి. మొహం గుడ్డు పెంకులా నున్నగా ఉంది. తన తమ్ముడికి కూడా ఆ పిచ్చి అంటించారని హెస్టర్ ఏడవలేక కోప్పడింది.

సర్కారు తరఫున మేజర్ ఫెన్విక్ అనే ఆయన రావాల్సిన వారం వచ్చింది. ముందు పైలట్‌తో సహా విమానాన్ని తూస్తారు. చెప్పిన బరువు కంటే పిసరు ఎక్కువున్నా, ఎగరనివ్వకుండానే తిరిగి వెళ్ళిపోతారు. సరిగ్గా ఆ వారమే వాన పట్టుకుంది. ఒక రోజు కాదు, వదలకుండా కురిసింది. షెడ్డు కప్పు కారింది. గోడలు చెమ్మగిల్లాయి. టిబ్బెట్ గారు రెక్క మీద చెయ్యి పెట్టి, జ్వరం చూసినట్టు చూసి, కుర్చీలో కూలబడ్డారు.

"చెక్క నీళ్ళు తాగింది. గుడ్డ నీళ్ళు తాగింది. నేను తీసిందంతా వాన తెచ్చి పెట్టేసింది."

రెక్కల గుడ్డకి పూసిన వార్నిషుకి నిప్పు తగిలితే షెడ్డు మొత్తం పోతుంది. కాబట్టి లోపల పొయ్యి పెట్టే వీల్లేదు. అందరూ దిక్కులు చూస్తుంటే, ఆయనతో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్న హెస్టరే నోరు తెరిచింది. విమానం ఎగరకపోతే తమ్ముడు బతికిపోతాడని ఒక మనసు అంది. కానీ గదిలో ఇంతమంది ఆడవాళ్ళ మొహాలు చూస్తే నోరు ఊరుకోలేదు.

"ఇళ్ళల్లో పక్కలు వెచ్చబెట్టుకునే వేడినీళ్ళ సీసాలు లేవూ? తలా ఒకటి తెండి."

చలికాలంలో పడుకునే ముందు దుప్పట్లో పెట్టుకునే మట్టి సీసాలవి. అర గంటలో కుట్టు గదంతా వేడినీళ్ళు నింపిన సీసాలతో వచ్చేసింది. ఒక్కొక్కదానికి ఉన్ని గుడ్డ చుట్టి విమానం పొట్టలోనూ, రెక్కల కిందా, తోకలోనూ దూర్చారు. పైన దుప్పట్లు కప్పారు. నీళ్ళు చల్లారితే మళ్ళీ నింపారు. జలుబు చేసిన పిల్లని పడుకోబెట్టినట్టు లకుముకిని పడుకోబెట్టారు. వడ్రంగులు నవ్వారు గానీ, సాయంత్రానికి గుడ్డ డోలులా బిగిసి మోగింది. టిబ్బెట్ గారు హెస్టర్ వంక చూసి, నెల్ లేకుండానే, "మీరు నా ప్రాణం నిలబెట్టారమ్మా" అన్నారు. హెస్టర్ వినిపించుకోనట్టు మొహం తిప్పుకుంది.

మర్నాడు పొద్దున వాన వెలిసింది. మేజర్ ఫెన్విక్ చెప్పిన టైముకంటే ముందే దిగబడ్డారు. ఆడవాళ్ళు గబగబా సీసాలు లాగి, దుప్పట్లు తీసి, గౌన్ల చాటున దాచుకుని పరిగెత్తారు. బొగ్గు డిపో నుంచి తెచ్చిన పెద్ద కాటాల మీదికి విమానాన్ని నెట్టారు. జాస్పర్ జల్లెడ పీట మీద కూర్చున్నాడు. మేజర్ వంగి ముల్లు చూసి, కనుబొమలు ఎత్తారు.

"ఎక్కువుందండీ."

క్రాన్లీ గారు నెత్తి పట్టుకున్నారు. అటూ ఇటూ చూసి, "టిబ్బెట్, ఆ తీగలకి చొక్కాలేమిటయ్యా? ముందు అవి ఊడపీకించు!" అన్నారు.

"వాటి మీద చెయ్యి వేశారంటే ఊరుకోను!"

ఆ అరుపు ఎవరిదో మొదట ఎవరికీ అర్థం కాలేదు. టిబ్బెట్ గారు అరవగలరని కార్ఖానాలో ఎవరికీ తెలీదు. ఆయనకీ తెలిసినట్టు లేదు, తన నోరు తనే మూసుకున్నారు. ఆ తరవాత మెల్లగా తోక దగ్గరికి వెళ్ళి, రెండు చేతులతో కాస్త ఎత్తి చూశారు. మళ్ళీ ఎత్తారు. బన్ను తూచేటప్పుడు పెట్టే మొహం పెట్టారు.

"తోక ఇంత ఉండకూడదే."

తోక కింద గుడ్డని తాడుతో అల్లి కట్టిన చోట ముడి విప్పి, చెయ్యి మోచేతి దాకా దూర్చారు. ఉన్ని గుడ్డ చుట్టిన సీసా ఒకటి బయటికొచ్చింది.

"అమ్మో, అది మా అమ్మమ్మది!" అంది నెల్.

మేజర్ ఫెన్విక్ సైన్యంలో ఎన్నో చూసి ఉంటారు గానీ, యుద్ధ విమానం పక్కలో వేడినీళ్ళ సీసా చూసి ఉండరు. ఆయన నవ్వాపుకోలేక అటు తిరిగి దగ్గారు. ముల్లు దిగింది. చెప్పిన బరువు కంటే ఒక్క పిసరు తక్కువే ఉంది. టిబ్బెట్ గారు ఆ సీసాని కాటాకి తగిలించి తూచాకే నెల్ చేతికిచ్చారు. హెస్టర్ మాత్రం ముడి విప్పిన చోటికి వెళ్ళి లోపలికి తొంగిచూసింది. తోకని తిప్పే తాళ్ళు అక్కడే ఉంటాయి. పైకి ఎగిరాక సీసా దొర్లి వాటికి అడ్డం పడితే? తన ఆలోచనే తన తమ్ముణ్ణి మింగేసేది. తూకం పిచ్చి మనిషి చెయ్యి పెట్టబట్టి సరిపోయింది. ఆ మాట ఒప్పుకోవడానికి ఆమెకి మనస్కరించలేదు.

మధ్యాహ్నానికి ఆకాశం శుభ్రంగా తుడిచినట్టయింది. జాస్పర్ అక్క దగ్గరికి వచ్చి, "గాభరా పడకు" అన్నాడు. మీసం లేని ఆ మొహం చిన్నప్పటి మొహంలా ఉంది. ఇంజను మోగింది. లకుముకి పచ్చిక మీద గెంతుతూ గెంతుతూ లేచింది. జనం హో అని అరిచారు. కార్ఖానా కప్పు దాటింది, చెట్లు దాటింది, చూస్తుండగానే కంటికి నలుసంతయింది. ఇంత తొందరగా పైకెక్కినదాన్ని తను చూడలేదని మేజర్ అన్నారు. క్రాన్లీ గారు అప్పుడే కొత్త షెడ్డు ఎక్కడ కట్టాలో చూసుకుంటున్నారు.

ఆ తరవాత నిట్టనిలువుగా కిందికి దూకి, మళ్ళీ ముక్కు ఎత్తి లేవాలి. యుద్ధంలో అదే అసలు పరీక్ష. జాస్పర్ దూకాడు. గాలి ఈలవేసింది. ముక్కు ఎత్తాడు. అప్పుడు ఎడమ రెక్క దగ్గర సన్నటి గీతలాంటిదేదో విడివడి గాల్లో కొట్టుకోవడం అందరికీ కనిపించింది.

"తీగ తెగింది" అన్నారు క్రాన్లీ గారు.

ఆ తీగ తెగితే రెక్క పుస్తకంలా మడుచుకుంటుందని ఆ మైదానంలో నిలబడ్డ ప్రతివాళ్ళకీ తెలుసు. హెస్టర్‌కీ తెలుసు. ఆమె కళ్ళు మూసుకుంది. చప్పుడు కోసం ఎదురుచూసింది. ఎవరో వచ్చి పక్కన నిలబడ్డారు. చూడకుండానే టిబ్బెట్ గారని తెలిసింది, గొలుసు గలగలమంటోంది. "పట్టుకుంటుందమ్మా, పట్టుకుంటుంది, పట్టుకోవాలి" అని ఆయన గొణుగుతూనే ఉన్నారు.

"అక్కా" అని నెల్ కుదిపింది. "కళ్ళు తెరు. వచ్చేస్తున్నాడు."

లకుముకి పచ్చిక మీద వాలి, గెంతి, ఆగింది. హెస్టర్ ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలీదు. తమ్ముడి మొహం రెండు చేతుల్తో పట్టుకుని, ముక్కూ చెవులూ అన్నీ ఉన్నాయా అన్నట్టు తడిమి, చెంప మీద ఒక్కటిచ్చింది. ఆ తరవాతే ఎడమ రెక్క వైపు చూసింది. తను కుట్టిన తొడుగు నిలువునా చీలిపోయింది. తెగిన తీగ ముక్క వేలాడుతోంది. దాని వెనక చెక్క ముక్క. చెక్క ముక్క వెనక ఇంకో తీగ ఉంది. బిగువుగా, చెక్కు చెదరకుండా. ఆమె వేలు పెట్టి మీటితే ఖంగుమంది.

మేజర్ కూడా వంగి చూశారు. "రెండు తీగలా? మీరు పంపిన నమూనాలో ఒకటే ఉందే."

"నేను వద్దన్నాను కదయ్యా టిబ్బెట్!" అన్నారు క్రాన్లీ గారు. "రెండో వరస వేస్తే బరువు మించిపోతుందని అప్పుడే కొట్టేశాను కదా!"

"బరువు పెరగకూడదన్నారు సార్" అన్నారు టిబ్బెట్ గారు. "పెరగలేదు కదా."

హెస్టర్ ఆ తీగ వంక చూస్తూనే ఉంది. అందులో ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటే కనిపించాయి. దారం కొసలు, పీట కన్నాలు, దిండు, బూటు మేకులు, క్రాన్లీ గారి తాతగారి ఇత్తడి. తమ్ముడి మీసం.

"నీకు తెలుసా?" అని జాస్పర్‌ని అడిగింది.

"నది ఒడ్డున చెప్పారక్కా. కాస్త బరువు దగ్గర రెండో తీగ ఆగిపోయిందన్నారు. నీకు చెప్పనని ఒట్టు వేయించుకున్నారు."

హెస్టర్ టిబ్బెట్ గారి వైపు తిరిగింది. "నాకెందుకు చెప్పలేదండీ? నేను మిమ్మల్ని ఎన్నెన్ని మాటలన్నాను!"

ఆయన కాటా గొలుసుని వేలికి చుట్టుకున్నారు, విప్పుకున్నారు. "చెబితే తీగ తెగొచ్చునని మీకు తెలిసిపోయేది కదమ్మా. రోజూ అదే తలుచుకునేవారు. నన్ను తిట్టుకుంటే సరిపోతుందని ఊరుకున్నాను. మోసేవాళ్ళకి భయంకన్నా కోపమే తేలిక."

హెస్టర్‌కి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు బయటపెట్టాలో తెలీక, ఆయన బొత్తాంలేని చొక్కా పట్టుకుని ఊపింది. "మీరు మనిషేనా! ఈసారి నన్ను కాపాడాలనుకుంటే ముందు నాకు చెప్పండి. నేను మోయగలను."

"సరేనమ్మా" అన్నారాయన, బుద్ధిగా.

మేజర్ రెండు వరసల తీగలూ అలాగే ఉండాలన్నారు. ఇలాంటివి వరసగా చేసి పంపమన్నారు. పోతూ పోతూ, తూటాల పెట్టె చిన్నదయింది, ఇంకొంచెం పెద్దది పెట్టండి, బరువు మాత్రం పెంచకండి అని ఒక మాట పడేసి వెళ్ళారు. క్రాన్లీ గారు మళ్ళీ నెత్తి పట్టుకున్నారు. టిబ్బెట్ గారు బరమా కోసం వెతుక్కున్నారు.

మర్నాడు కుట్టు గదిలో రెండో లకుముకికి రెక్కలు వచ్చి పడ్డాయి. నెల్ కుట్ల మీద పట్టీలు అంటిస్తూ, హుషారుగా పాడుకుంటూ, జిగురు దట్టంగా పులిమేస్తోంది. హెస్టర్ వెనకనుంచి వచ్చి కుంచె పట్టుకుంది.

"అంత జిగురెందుకే?"

"ఎక్కువైతే ఏం పోయింది అక్కా? జిగురే కదా."

"ఇందులో ఎక్కేవాడికి కూడా ఎక్కడో ఒక అక్క ఉంటుంది" అంది హెస్టర్. "గీకు."